ఆట మంచిదే... మా గోడ పక్కనేనా?

స్కేట్‌బోర్డు ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. దానికోసం ప్రత్యేకంగా పార్కులు కట్టాలన్న మాట మన దేశంలోనూ వినిపిస్తోంది. అయితే ఏ ఊళ్ళో కట్టబోయినా మొదటి పేచీ చుట్టుపక్కల ఇళ్ళతోనే. వద్దనేవాళ్ళ భయంలో నిజమెంత? కావాలనే పిల్లల మాటలో న్యాయమెంత? ఈ రెండింటి మధ్య ఆడపిల్ల సంగతేమిటి?

'వీధి చివర మున్సిపాలిటీ స్థలంలో పిల్లల ఆటకోసం ఏదో కడతారట' అన్న కబురు రాగానే ముందు అందరికీ సంతోషమే. సెల్‌ఫోన్లకి అతుక్కుపోయిన పిల్లలు కాస్త బయటికొచ్చి ఆడుకుంటారు కదా! తీరా అది స్కేట్ పార్కు అనీ, సిమెంటుతో గుంతలూ దిబ్బలూ కడతారనీ, ఊళ్ళో కుర్రాళ్ళంతా వస్తారనీ తెలిశాక ఒక్కొక్కరే వెనక్కి తగ్గుతారు. 'ఆట మంచిదే... కానీ మా గోడ పక్కనేనా?' అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

ఈ ప్రశ్న మన దగ్గరే పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఎన్నో ఏళ్ళుగా ఊరూరా జరుగుతున్న తగాదానే ఇది. ఒకవైపు 'మా పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?' అనే తల్లులు. ఇంకోవైపు 'మాకు నిద్ర, ప్రశాంతత అక్కర్లేదా?' అనే ఇల్లాళ్ళు, పెద్దవాళ్ళు. రెండు వైపులా ఎక్కువగా ఉండేది ఆడవాళ్ళే. పగలంతా ఆ ఇంట్లో ఉండేదీ వాళ్ళే, పిల్లల వెంట ఆటస్థలానికి వెళ్ళేదీ వాళ్ళే కాబట్టి.

అసలేమిటీ స్కేట్ పార్కు?

స్కేటింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది కాళ్ళకి చక్రాల బూట్లు తగిలించుకుని నున్నటి గచ్చు మీద గిరగిరా తిరిగే పిల్లలు. హైదరాబాద్ ఇందిరా పార్కులో, విశాఖ వుడా పార్కులో ఇలాంటి రింకులు మనకి పరిచయమే. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా రోలర్ స్కేటింగ్‌లో పేరు తెచ్చుకుని 2015లో అర్జున అవార్డు కూడా అందుకున్నాడు.

స్కేట్ పార్కు దీనికి అన్నదమ్ముల వరస, కానీ వేరు. ఇక్కడ ఆడేది నాలుగు చక్రాలు బిగించిన చెక్క మీద నిలబడి. దానికి చదును నేల చాలదు. వాలు గోడలు, పెద్ద గిన్నెల్లాంటి గుంతలు, మెట్లు, ఇనుప కమ్మీలు కావాలి. పిల్లలు వాలు మీంచి జారతారు, ఎగురుతారు, పడతారు, మళ్ళీ లేస్తారు. గంటల తరబడి అదే పని!

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి చోటు చేసుకుంది. మహిళల స్ట్రీట్ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియా వయసు 13 ఏళ్ళు. రజతం గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రైసా లియల్‌కీ 13 ఏళ్ళే! 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో కూడా మహిళల రెండు విభాగాల్లోనూ బంగారు పతకాలు 14 ఏళ్ళ పిల్లలకే దక్కాయి. జపాన్‌కి చెందిన కోకో యోషిజావా, ఆస్ట్రేలియాకి చెందిన అరీసా ట్రూ ఆ విజేతలు. ఎనిమిదో క్లాసు, తొమ్మిదో క్లాసు చదివే వయసన్నమాట. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లోనూ స్కేట్‌బోర్డింగ్ పోటీలు పెట్టారు. కాబట్టి 'ఇదేదో విదేశీ వేషం' అని కొట్టిపారెయ్యడానికి లేదు. మా పిల్లలకీ కావాలని రేపు మన వార్డులో ఎవరైనా అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

చెవి పక్కన చప్పుడు

వద్దనేవాళ్ళు చెప్పే మొదటి కారణం చప్పుడు. ఇది వట్టి సాకు కాదు. స్కేట్‌బోర్డు చప్పుడు ఫ్యాను మోతలా ఒకే తీరుగా ఉండదు. గరగరమని జారుతూ జారుతూ ఉన్నట్టుండి టక్కుమని పడుతుంది. మళ్ళీ కొంచెం సేపు నిశ్శబ్దం, మళ్ళీ టక్! ఒకే తీరు మోతకి చెవి అలవాటు పడుతుంది కానీ, ఎప్పుడొస్తుందో తెలియని దెబ్బకి అలవాటు పడలేదు. చంటిపిల్లని నిద్రపుచ్చే తల్లికీ, నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న నర్సమ్మకీ ఇదెంత నరకమో వేరే చెప్పాలా?

మన దేశంలో 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించొచ్చు. అక్కడ పరిమితి ఇంకా తక్కువ, పగలు 50, రాత్రి 40. ఈ హద్దు కన్నా 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా సరే అధికారులకి ఫిర్యాదు చెయ్యొచ్చు.

అయితే కట్టే పద్ధతిని బట్టి, దూరాన్ని బట్టి చప్పుడు చాలా మారుతుంది. చెక్కతోనో, రేకుతోనో చేసిన వాలుబల్లలు లోపల బోలుగా ఉంటాయి. చక్రం పడగానే డోలు కొట్టినట్టు మోగుతాయి. అదే నేలలోకి దించి గట్టి కాంక్రీటుతో కడితే చప్పుడు బాగా తగ్గుతుంది. ఇక దూరం సంగతి. ఆరుబయట ఒకచోట పుట్టిన చప్పుడు, మనం రెండింతలు దూరం జరిగితే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పది మీటర్ల దగ్గర వినిపించిన దానికన్నా నలభై మీటర్ల దగ్గర 12 డెసిబెల్స్ తక్కువన్నమాట. కాంపౌండు గోడలు, అపార్ట్‌మెంట్లు చుట్టూ ఉంటే మాత్రం చప్పుడు వాటికి తగిలి తిరిగొస్తుంది. అప్పుడీ లెక్క అంత బాగా పనిచెయ్యదు.

ఇంగ్లండ్‌లో ఆటస్థలాల మీద మార్గదర్శకాలు ఇచ్చే 'ఫీల్డ్స్ ఇన్ ట్రస్ట్' సంస్థ స్కేట్ పార్కుకీ ఇంటి హద్దుకీ మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలని చెబుతోంది. 30 మీటర్లంటే దాదాపు వంద అడుగులు. మన కాలనీల్లో పార్కు గోడకీ ఎదురింటి గేటుకీ మధ్య ఉండేదేమిటి? ముప్ఫై అడుగుల రోడ్డు, మహా అయితే నలభై! అంటే ఇంగ్లండ్‌లో కనీసం అనుకున్న దూరంలో సగం కూడా మనకి లేదు. ఈ ఒక్క లెక్క చాలు, 'గోడ పక్కన వద్దు' అనే ఇల్లాలి మాటలో న్యాయం ఉందని ఒప్పుకోడానికి.

ఇంకో చిక్కుంది. మన ఎండలకి పగలు కాంక్రీటు మీద ఆడటం కుదరని పని. వేసవిలో అయితే చెయ్యి పెడితే కాలుతుంది. కాబట్టి పిల్లలు వచ్చేది తెల్లవారుజామున, లేదంటే పొద్దువాలాక. సరిగ్గా అవే వేళల్లో పెద్దవాళ్ళు వాకింగ్‌కి వస్తారు, పిల్లలు చదువుకుంటారు, పనంతా ముగించుకున్న ఆడవాళ్ళు ఓ గంట అరుగు మీద కూర్చుంటారు. ఫ్లడ్‌లైట్లు పెడితే ఆట రాత్రి పదకొండు దాకా సాగుతుంది. ఇళ్ళ మధ్య బాక్స్ క్రికెట్ టర్ఫులు వచ్చిన చోట్ల అర్ధరాత్రి దాకా అరుపులతో నిద్ర లేక అవస్థ పడుతున్నవాళ్ళకి ఈ భయం ఎందుకో తెలుసు.

కుర్రాళ్ళ గుంపు

రెండో భయం గుంపు. 'ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వస్తారు, సిగరెట్లు కాలుస్తారు, ట్యూషన్‌కి వెళ్ళే మా ఆడపిల్లని ఏమైనా అంటారు' అని. బయటికి గట్టిగా చెప్పకపోయినా చాలామంది తల్లుల మనసులో ఉండేది ఇదే.

దీనికి రెండు వైపులా ఉదాహరణలున్నాయి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలో బర్న్‌సైడ్ వంతెన కింద ఒక పాడుబడ్డ జాగా ఉండేది. తాగుబోతులకీ, మత్తుమందుల వాళ్ళకీ అది అడ్డా. 1990లో కొందరు స్కేట్‌బోర్డు కుర్రాళ్ళు ఎవరి అనుమతీ అడక్కుండా సిమెంటు కలుపుకుని అక్కడ వాలుగోడలు కట్టడం మొదలెట్టారు. మనుషుల అలికిడి పెరిగేసరికి ఆ మూల మారింది. చుట్టుపక్కల వ్యాపారస్తులు కూడా వాళ్ళ పక్షాన నిలిచారు. నగరపాలకులు 1992లో దానికి ఒప్పుదల ఇచ్చారు. ఆ పార్కు ప్రపంచంలో పేరున్న స్కేట్ పార్కుల్లో ఒకటైంది. ఖాళీగా, చీకటిగా ఉన్న జాగా కన్నా పిల్లలు ఆడుకునే జాగా నయం అనడానికి ఇదో సాక్ష్యం.

అలాగని అన్ని చోట్లా ఇలాగే జరుగుతుందనుకుంటే పొరపాటు. బర్న్‌సైడ్ వంతెన కింద ఇళ్ళు లేవు. అక్కడ పోకిరీ గుంపు పోయి ఆటగాళ్ళ గుంపు వచ్చింది. మన కాలనీ పార్కులో ఇప్పుడున్నది పోకిరీలు కాదు. వాకింగ్ చేసే అమ్మమ్మలు, ఉయ్యాలలూగే పసిపిల్లలు. వాళ్ళని పక్కకి నెట్టి కుర్రాళ్ళని తెస్తే మేలు జరిగిందనగలమా? ఎవరి స్థానంలో ఎవరు వస్తున్నారన్నదే చూడాలి.

దెబ్బలు, దోమలు

దెబ్బల సంగతి దాచేది లేదు. ఈ ఆటలో పడటం మామూలే. మణికట్టు, మోచెయ్యి విరిగే ప్రమాదం ఉంది, తలకి తగిలితే మరీ ముప్పు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2002లోనే చెప్పింది... అయిదేళ్ళ లోపు పిల్లల్ని స్కేట్‌బోర్డు ఎక్కించొద్దని, పదేళ్ళ లోపు వాళ్ళ దగ్గర పెద్దవాళ్ళు ఉండి తీరాలని. హెల్మెట్, మోకాలికీ మోచేతికీ ప్యాడ్లు, మణికట్టుకి గార్డులు ఉండాలి. అదే డాక్టర్లు ఇంకో మాట కూడా అన్నారు. రోడ్డు మీద ఆడటం కన్నా, ఇంటి దగ్గర సొంతంగా చేసుకున్న వాలుబల్లల మీద ఆడటం కన్నా ఊరివాళ్ళు కట్టించిన పార్కులో ఆడటమే మేలని. రోడ్డు మీద అయితే దెబ్బతో పాటు లారీ కూడా ఉంటుంది మరి!

దోమల సంగతి మాత్రం పైదేశాల వాళ్ళు అంతగా మాట్లాడరు. మనం మాట్లాడాలి. గిన్నెలాంటి గుంత అంటే మన వానాకాలంలో ఏమవుతుంది? నీళ్ళ తొట్టి అవుతుంది. డెంగ్యూ తెచ్చే దోమ మురుగులో కాదు, ఇలా నిలిచిన మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారం పదిరోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ఇంట్లో పూలకుండీ కింది పళ్ళెం కూడా 'ఫ్రైడే డ్రై డే' అని ఆరబెట్టుకుంటున్న మనం, వీధిలో అంత పెద్ద గుంత చూస్తూ ఊరుకుంటామా? గుంత అడుగున తూము ఉండాలి. ఆ తూము వాననీటి కాల్వలో కలవాలి. ఆ కాల్వ పొంగకుండా ఉండాలి. ఈ మూడూ లేకపోతే అది పిల్లల పార్కు కాదు, దోమల పార్కు. లోతుగా నీళ్ళు నిలిస్తే పసిపిల్లలకి ప్రాణగండం కూడా.

వద్దంటే ఆగుతారా?

ఇన్ని ఇబ్బందులున్నాయి కాబట్టి అసలు వద్దనేస్తే పోలా? ఫిలడెల్ఫియా నగరంలో అదే చేసి చూశారు. నగరం నడిబొడ్డున ఉన్న లవ్ పార్కు నున్నటి రాతి మెట్లతో స్కేట్‌బోర్డు కుర్రాళ్ళకి స్వర్గంలా ఉండేది. 2002లో అక్కడ ఆట పూర్తిగా ఆపించేశారు. ఆ పార్కుకి మొదట్లో రూపకల్పన చేసిన నగర ప్రణాళికావేత్త ఎడ్మండ్ బేకన్ అప్పటికి 92 ఏళ్ళ ముసలాయన. ఆయనే స్వయంగా మనుషుల సాయంతో స్కేట్‌బోర్డు ఎక్కి నిషేధాన్ని ధిక్కరించాడు! నిషేధం ఎత్తెయ్యలేదు కానీ, చివరికి 2013లో అదే నగరంలో పెయిన్స్ పార్కు పేరుతో ఆటకి వేరే చోటు ఇవ్వక తప్పలేదు.

లండన్‌లో ఇంకో రకం కథ. థేమ్స్ నది ఒడ్డున సౌత్‌బ్యాంక్ భవనం కింద 1970ల నుంచీ పిల్లలు స్కేట్‌బోర్డు ఆడుకుంటున్నారు. 2013లో ఆ చోటు దుకాణాలకీ హోటళ్ళకీ ఇచ్చి, పిల్లల్ని పక్కకి పంపాలని ప్రతిపాదన వచ్చింది. జనం వేల సంఖ్యలో అభ్యంతరాలు రాశారు. 2014 సెప్టెంబరులో రాజీ కుదిరి ఆ చోటు పిల్లలకే మిగిలింది.

ఈ రెండు ఉదంతాల్లోనూ తెలిసేది ఒకటే. చోటు ఇవ్వకపోతే పిల్లలు ఆట మానరు. మెట్ల మీద, ఫుట్‌పాత్ మీద, అపార్ట్‌మెంటు సెల్లారులో ఆడతారు. తగాదా తీరదు, చోటు మారుతుంది.

ఆ జాగా ఎవరిది?

మన ఊళ్ళలో అసలు సమస్య ఇదే. పైదేశాల్లో పెద్ద పచ్చిక మైదానంలో ఓ మూల స్కేట్ పార్కు కడతారు. మిగతా పార్కు మిగిలే ఉంటుంది. మనకి కాలనీ మొత్తానికీ ఉండేదే అయిదారు వందల గజాల పార్కు. చవితి పందిరి అక్కడే, బతుకమ్మ అక్కడే, సంక్రాంతి ముగ్గుల పోటీ అక్కడే. అందులో సగం సిమెంటు చేస్తే ఇక మిగిలేదేమిటి? చెట్టు కొట్టి కట్టిన ఆటస్థలం మళ్ళీ చెట్టు కాదు.

పార్కు కోసం వదిలిన జాగా మీద కాలనీవాళ్ళకి హక్కుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బెంగళూరులో రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ఓ ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి ఇచ్చేస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. ఆసుపత్రి మంచిదే అయినా పార్కు జాగా పార్కుకే ఉండాలని ఆ తీర్పు సారాంశం. 1999లో లక్నోలోని ఝండేవాలా పార్కు కింద కడుతున్న షాపింగ్ సముదాయాన్ని కూల్చెయ్యమని కూడా ఇదే న్యాయస్థానం ఆదేశించింది.

స్కేట్ పార్కు నర్సింగ్‌హోమ్ లాంటిదా? కాదు. పిల్లలందరికీ ఉచితంగా తెరిచి ఉంటే అదీ ప్రజల పార్కే. కానీ మన అనుభవం వేరు. మొదట 'ప్రజలకోసం' అంటారు. ఏడాది తిరిగేసరికి నిర్వహణ భారమైందని కాంట్రాక్టుకి ఇస్తారు. గంటకింతని టిక్కెట్టు పెడతారు. అప్పుడు మన వీధి పిల్లలు గేటు బయట, కార్లలో వచ్చిన పిల్లలు గేటు లోపల! చప్పుడు మాత్రం మనకే. అందుకే 'ఉచితమా, ఎన్నాళ్ళు?' అన్న ప్రశ్న మొదటిరోజే అడగాలి.

జన్వార్ చెప్పిన పాఠం

ఇదంతా వింటే స్కేట్ పార్కు అంటేనే గుండెలు గుభేలుమంటాయి. కానీ మన దేశంలోనే, అదీ ఓ మారుమూల పల్లెలో, దీనికి పూర్తిగా వేరే కథ ఒకటి జరిగింది. మధ్యప్రదేశ్‌లో పన్నా పులుల అడవి దగ్గర జన్వార్ అనే ఊరుంది. గోండు ఆదివాసీలు, యాదవులు ఉండే పేద గ్రామం. 2015లో ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ అక్కడ కాంక్రీటు స్కేట్ పార్కు కట్టించింది. ఊళ్ళో తాగేవాళ్ళు, చదువు మానేసిన పిల్లలు, కులాల మధ్య గీతలు... అలాంటి చోట స్కేట్‌బోర్డు ఏమిటని నవ్వినవాళ్ళే ఎక్కువ.

ఆవిడ పెట్టిన నియమాలు రెండే. ఒకటి, బడికి వెళ్ళకపోతే స్కేట్‌బోర్డు లేదు. రెండు, ఆడపిల్లలు ముందు. అంటే మగపిల్లాడు ఆడుతుండగా ఓ ఆడపిల్ల వచ్చి బోర్డు అడిగితే ఇచ్చెయ్యాల్సిందే. చూడ్డానికి చిన్న నియమం. కానీ పుట్టిన దగ్గర్నుంచీ 'అన్నకి ముందు పెట్టు' అన్న మాట విన్న ఆడపిల్లకి, అడిగితే దొరుకుతుందని మొదటిసారి తెలిసిన చోటు అది. ఆదివాసీ పిల్లలూ, యాదవుల పిల్లలూ ఒకే బోర్డు పంచుకున్నారు.

తల్లిదండ్రుల భయాలు అక్కడా ఉన్నాయి. పడితే మచ్చలు పడతాయి, రేపు పెళ్ళెలా అవుతుందని. అయినా ఆ ఊరి నుంచే ఆశా గోండ్ అనే అమ్మాయి 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో భారతదేశం తరఫున ఆడింది.

'స్కేటర్ గర్ల్' అనే సినిమా 2021లో వచ్చింది. దర్శకురాలు మంజరి మకిజానీ. 'షోలే'లో సాంబాగా వేసిన మాక్ మోహన్ కూతురే ఈమె. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఖేంపూర్ అనే ఊళ్ళో సినిమా కోసం అసలైన స్కేట్ పార్కే కట్టారు. షూటింగ్ అయ్యాక సెట్టింగులు పీకేసినట్టు పీకెయ్యకుండా దాన్ని ఊరి పిల్లలకే వదిలేశారు.

అఫ్ఘానిస్థాన్ సంగతీ చెప్పుకోవాలి. కాబూల్‌లో 2007లో మొదలైన 'స్కేటిస్తాన్' సంస్థ ఆడపిల్లలకి స్కేట్‌బోర్డు నేర్పింది. సైకిల్ తొక్కితే తప్పన్న సమాజంలో స్కేట్‌బోర్డు ఎవరికీ తెలియని కొత్త వస్తువు కాబట్టి, అది తప్పని అప్పటికి ఎవరూ అనలేదు! ఆ ఆడపిల్లల మీద తీసిన డాక్యుమెంటరీకి 2020లో ఆస్కార్ వచ్చింది. 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్ళీ అధికారంలోకి రావడంతో ఆ ఆటా వాళ్ళకి దూరమైంది.

ఆడపిల్లలు ఎందుకు మాయమవుతారు?

మన కాలనీ పార్కునే ఓసారి గమనించండి. ఏడెనిమిదేళ్ళ దాకా ఆడపిల్లలు, మగపిల్లలు సమంగా ఉంటారు. పన్నెండు దాటాక చూడండి... క్రికెట్ బ్యాటు పట్టుకున్న మగపిల్లలే కనిపిస్తారు. ఆడపిల్లలు ఏరీ?

ఇది మన దగ్గరే కాదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో పార్కుల మీద అధ్యయనం చేస్తే తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. కారణం వాళ్ళకి ఇష్టం లేక కాదు. ఉన్న ఒక్క ఆటస్థలాన్నీ మగపిల్లలు ఆక్రమిస్తే, వాళ్ళతో పోట్లాడే కన్నా ఇంటికి పోవడమే నయమనుకున్నారు. 1999లో అక్కడి అయిన్‌సీడ్లర్ పార్కుని మార్చి కట్టారు. పెద్ద మైదానాన్ని పొదలతో చిన్న చిన్న భాగాలు చేశారు. నడిచే దారులు వేశారు. వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి ఆటలకి చోటిచ్చారు. ఆడపిల్లలు మళ్ళీ రావడం మొదలెట్టారు.

ఇంగ్లండ్‌లో కూడా 2021 నుంచి 'మేక్ స్పేస్ ఫర్ గర్ల్స్' అనే సంస్థ ఇదే అడుగుతోంది. యువత కోసం అని చెప్పి కట్టే స్కేట్ పార్కులూ, ఆటకోర్టులూ ఎక్కువగా మగపిల్లలకే ఉపయోగపడుతున్నాయి, మరి ఆడపిల్లలకి ఏం కట్టారు అని. ప్రజల డబ్బుతో కట్టేది సగం మంది పిల్లలకే పనికొస్తే దాన్ని 'పబ్లిక్' అని ఎలా అంటాం?

జన్వార్‌లో ఆడపిల్లలు వచ్చారంటే కాంక్రీటు వల్ల కాదు, నియమం వల్ల. ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి. వాలుగోడలు కట్టి చేతులు దులుపుకుంటే కుర్రాళ్ళ అడ్డా అవుతుంది. నియమం, నీడ, వెలుతురు, మరుగుదొడ్డి, కూర్చోడానికి బల్ల... ఇవన్నీ ఉంటేనే ఆడపిల్ల వస్తుంది. ఆడపిల్ల వచ్చే చోటికి అమ్మ వస్తుంది. అమ్మలు కూర్చునే చోట పోకిరీ వేషాలు తక్కువ. గుంపు అన్న భయానికి పోలీసు కన్నా పనికొచ్చే మందు ఇదే.

మరెక్కడ కట్టాలి?

ఇళ్ళకి మరీ దగ్గరగా కడితే నిద్ర పాడు. ఊరవతల కడితే ఆడపిల్ల వెళ్ళలేదు. చీకటి పడ్డాక బస్సు దిగి ఒంటరిగా నడిచి రావాలంటే ఏ తల్లీ పంపదు. మగపిల్లలకే పరిమితమైన పార్కు కట్టడానికి సులువైన దారి దాన్ని ఊరి చివర పెట్టడమే!

కాబట్టి నడిమి చోటు వెతకాలి. ఇళ్ళకి వందడుగులు దూరంగా, కానీ జనం తిరిగే రోడ్డు పక్కన. మున్సిపల్ స్టేడియం ఆవరణ, ప్రభుత్వ కాలేజీ మైదానంలో ఓ మూల, చెరువు గట్టు మీద వాహనాలు రాని చోటు లాంటివి. ఫ్లైఓవర్ల కింద ఖాళీ కూడా ఆలోచించదగ్గదే. ముంబైలోని మాటుంగాలో ఫ్లైఓవర్ కింది జాగా చెత్తకీ, అల్లరి మూకలకీ ఆలవాలమవుతుంటే స్థానికులు ఏళ్ళ తరబడి పట్టుబట్టి దాన్ని 2016లో తోటగా మార్పించుకున్నారు. పైకప్పు ఉంది కాబట్టి వాన పడదు, ఎండ తగలదు. అయితే పొగ, దుమ్ము, రోడ్డు దాటే ప్రమాదం... వీటికి జవాబు దొరికాకే పిల్లల్ని అక్కడికి పంపాలి.

సంతకం పెట్టేముందు

మీ కాలనీలో ఇలాంటి ప్రతిపాదన వస్తే వద్దనో, కావాలనో సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలకి జవాబులు అడగండి. కాగితం మీద అడగండి.

* దగ్గరలో ఉన్న ఇంటి హద్దుకీ ఆట జరిగే చోటుకీ మధ్య ఎన్ని అడుగులు? మధ్యలో మట్టిగట్టు, చెట్లు ఉంటాయా?
* కట్టేది గట్టి కాంక్రీటుతోనా, రేకు, చెక్క బల్లలతోనా?
* ఆట ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు? లైట్లు ఎవరు ఆర్పుతారు? మైకు పెట్టరని హామీ ఉందా?
* వాన నీళ్ళు ఎటు పోతాయి? తూము ఎవరు శుభ్రం చేస్తారు?
* ఎన్ని చెట్లు కొడతారు? పార్కులో ఎన్ని గజాలు పచ్చగా మిగులుతుంది?
* వాకింగ్ దారి, పసిపిల్లల ఉయ్యాలలు అలాగే ఉంటాయా? వాటి మధ్యలోంచి స్కేట్‌బోర్డులు రాకుండా అడ్డు ఉందా?
* ఆడపిల్లలకి ప్రత్యేక వేళలున్నాయా? నేర్పే మహిళా కోచ్ ఉంటుందా? మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచుతారా, తెరిచి ఉంచుతారా?
* హెల్మెట్లు అక్కడ ఇస్తారా, మనమే కొనుక్కోవాలా? దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స ఎవరు చేస్తారు?
* ఎప్పటికీ ఉచితమేనా? కాంట్రాక్టుకి ఇచ్చే ఆలోచన ఉందా?

మాట మనది కావాలంటే

పార్కులు, ఆటస్థలాలు స్థానిక సంస్థల పని అని 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. అంటే దీని మీద తేల్చాల్సింది మన మున్సిపాలిటీయే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టణ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకే కేటాయించారు. మీ వార్డు సభ్యురాలు మహిళే అయ్యుండొచ్చు. ఆవిడ బదులు వాళ్ళాయన మాట్లాడుతుంటే, 'అమ్మా, మీరే రండి' అని పిలవండి. ప్లాను కాగితాలు చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

కాలనీ సంఘాల మీటింగులు మామూలుగా ఆదివారం పొద్దున పది గంటలకి పెడతారు. సరిగ్గా వంటింట్లో ఊపిరాడని వేళ! 'మా ఆయన వెళ్తారులే' అని ఊరుకుంటే, చప్పుడు వినేది మనమూ, సంతకం పెట్టేది వాళ్ళూ అవుతారు. మీటింగు సాయంత్రానికి మార్చమని అడగడం కూడా ఓ డిమాండే.

పిల్లల్ని కూడా పిలవండి. పదమూడేళ్ళ మీ అబ్బాయిని అడిగితే గుంత ఎంత లోతుండాలో చెబుతాడు. పదమూడేళ్ళ మీ అమ్మాయిని అడిగితే ఏ మూల చీకటిగా ఉందో, ఏ దారిలో భయమేస్తుందో, ఏం ఉంటే తను వస్తుందో చెబుతుంది. ఇంజనీరు గారి ప్లానులో ఉండని సంగతులు ఇవి.

గోడ పక్కన వద్దనడం తప్పు కాదు. ఇళ్ళకి వందడుగుల దూరమైనా లేని చోట కట్టబోతే గట్టిగా వద్దనే చెప్పాలి. అయితే అక్కడితో ఆగిపోతే పిల్లలకి రోడ్డే గతి. 'ఇక్కడ వద్దు, ఫలానా చోట, ఫలానా షరతుల మీద కట్టండి' అని రాసిచ్చి, దానికి రశీదు తీసుకుని రండి.